సౌరవిద్యుత్తు – శ్రామికజనము

గోదావరీ తీరమున, పెద్దపల్లి జిల్లాలో, రామగుండము అను పట్టణము కలదు. దానిని ఆనుకొనియే గోదావరిఖని యున్నది. ఒకచోట భూగర్భమునుండి బొగ్గు తీయుదురు. మఱియొకచోట ఆ బొగ్గును కాల్చి విద్యుత్తు పుట్టింతురు. ఒకప్పుడు నేషనల్ థర్మల్ పవర్ కార్పొరేషన్ అని పిలువబడి, నేడు ఎన్.టి.పి.సి. అను పొట్టిపేరుతోనే చెలామణి యగుచున్న సంస్థ ఇచట నెలకొల్పిన కేంద్రము 1983లో పని ప్రారంభించి, క్రమముగా 2,600 మెగావాట్లకు పెరిగినది. ఆ కేంద్రపు జలాశయముపై 2022వ సంవత్సరమున ఒక వింత పూర్తియైనది. సుమారు 500 ఎకరముల మేర నీటిమీద సౌరఫలకములు తేలుచున్నవి. అవి 40 భాగములు. ఒక్కొక్క భాగమున 11,200 ఫలకములు. గాలికి కొట్టుకొనిపోకుండ వానిని నీటి అడుగున దించిన బరువులకు త్రాళ్లతో బంధించిరి. ఎండ తగిలినంతసేపు విద్యుత్తు పుట్టుచుండును. పొగ లేదు, బూడిద లేదు, చప్పుడు లేదు. ఫలకముల నీడవలన జలాశయములోని నీరు ఆవిరియగుట కూడ తగ్గును.

ఈ కేంద్రము పూర్తియైన దినములలో ప్రభుత్వము ఒక లెక్క ప్రకటించినది. దీనివలన ఏటికి 1,65,000 టన్నుల బొగ్గు ఆదా యగునట. దూరమున నున్న పట్టణవాసి ఈ లెక్క చదివి సంతోషించును. సంతోషింపదగినదే. కాని గోదావరిఖనిలో మూడవ షిఫ్టు ముగించుకొని, ఒడలెల్ల బొగ్గుపొడితో ఇంటికి వచ్చిన కార్మికుడు అదే లెక్క చదివినచో ఏమనుకొనును? ఆదా యైన ఆ బొగ్గు తాను త్రవ్వవలసిన బొగ్గు. సింగరేణి సంస్థ ఏటికి సుమారు 7 కోట్ల టన్నులు త్రవ్వుచున్నది. అందు ఈ ఆదా నాలుగువందలలో ఒక పాలు కూడ కాదు. కనుక అతనికి నేడే భయము లేదు. అతని భయమంతయు ఎనిమిదవ తరగతి చదువుచున్న తన బిడ్డను గురించి.

నేను వ్రాయబూనినది ఆ బిడ్డను గురించియే.

ఎండ, గాలి, ప్రవహించు నీరు వంటి తరుగని వనరులనుండి పుట్టు విద్యుత్తును పునరుత్పాదక విద్యుత్తు అందురు. మన దేశము 2030 నాటికి బొగ్గు, చమురు, సహజవాయువుల ప్రమేయము లేని విద్యుత్తు సామర్థ్యమును 5 లక్షల మెగావాట్లకు పెంచవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఎన్.టి.పి.సి. 2032 నాటికి 60,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును సమకూర్చుకొనదలచి, 2022లో అందుకై ప్రత్యేకముగా ఒక కంపెనీని ఏర్పరచినది. బొగ్గే ప్రాణముగా గల సింగరేణి సైతము తన భూములపై సౌరకేంద్రములు కట్టుకొనుచున్నది. ఇట్టి సంస్థలు దేశమందును విదేశములందును "క్రొత్త విద్యుత్తునకై క్రొత్త ఉద్యోగములు" అని ప్రకటించుచున్నవి. ఎన్ని ఉద్యోగములని అందరును అడుగుదురు. ఎట్టివి, ఎంతకాలము నిలుచునవి, ఎవరికి దక్కునవి అని అడుగువారు తక్కువ. ఇంతకాలము బొగ్గుధూళిని భరించిన కుటుంబములకును, సౌరకేంద్రములకై భూమి నిచ్చిన పల్లెలకును ఈ క్రొత్త పనులలో మొదటి పాలు దక్కవలెనని నా నిశ్చితాభిప్రాయము. అది దయాభిక్షగా కాదు, శిక్షణతో కూడిన హక్కుగా దక్కవలెను.

ఇది తెలియుటకు సౌరకేంద్రములో జరుగు పని యెట్టిదో ముందు తెలియవలెను. కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దున గని, శకునాల అను గ్రామములు కలవు. అచట సుమారు 5,900 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్తు పార్కు 2017లో పూర్తియైనది. ఇట్టి కేంద్రము కట్టునపుడు జనసందోహమే జనసందోహము. నేల చదును చేయువారు, గుంటలు త్రవ్వువారు, ఇనుపకాళ్లు పాతువారు, వానిపై ఫలకములు బిగించువారు, కందకములలో కేబుళ్లు పరచువారు, లారీల సరకు దింపువారు — తిరునాళ్లవలె నుండును. టీకొట్లు వెలయును. ఊరిలో ప్రతి గదికి అద్దె పలుకును. ఏడాదియో, ఏడాదిన్నరయో గడచును. పిమ్మట పని పూర్తియగును. జనము మఱియొక కేంద్రమునకు తరలిపోవుదురు. మిగిలినవా రెవరు? ఫలకములపై దుమ్ము కడుగువారు, వాని సందుల మొలచిన గడ్డి కోయువారు, కాపలాదారులు, తీగెలను పరీక్షించు ఎలక్ట్రీషియనులు, ఇన్వర్టర్లను కనిపెట్టు కొలదిమంది సాంకేతికులు. ఫలకములో తిరుగు చక్రము లేదు, కాలు పొయ్యి లేదు. కావున దానికి మనిషి అక్కర అంతగా లేదు.

బొగ్గు కేంద్రము అట్టిది కాదు. గనిలో త్రవ్వవలెను, రైలుపై తేవలెను, మరలో పొడిచేయవలెను, బాయిలరు వద్ద రేయింబవళ్లు కాపుండవలెను, టర్బయినును, నీటిని, బూడిదను చూచుకొనవలెను. ప్రతి మజిలీకిని చేతులు కావలెను. కావుననే గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, కొత్తగూడెము వంటి ఊళ్లు బొగ్గుచుట్టును పెరిగినవి. ఎండచుట్టును అట్లు ఊళ్లు పెరుగునని నాకు నమ్మకము లేదు. కాబట్టి ఒక కంపెనీ "మేము ఇన్ని వేలమందికి పని కల్పించితిమి" అన్నపుడు, అందు కట్టునప్పటి కూలి యెంత, కట్టిన పిదప నిలుచు ఉద్యోగ మెంత అని విడదీసి అడుగవలెను. రెండును కలిపి చెప్పిన సంఖ్య వినుటకు ఇంపుగా నుండునే కాని, దానిని నమ్మి ఇల్లు కట్టుకొనుటకు వీలులేదు.

ఇంతమాత్రముచే నేను బొగ్గును పొగడుచున్నానని తలపకుడు. గనిలో కప్పుకూలి చనిపోయినవారిని, ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారిని ఎఱుగని వీధి బొగ్గుబావుల ఊళ్లలో లేదు. బొగ్గుపొగ భూమిని వేడెక్కించుచున్నదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి; ఆ వేడిమికి మొదట మాడిపోవునది రామగుండము వంటి ఊళ్లే. మే మాసపు ఎండ అచట ఎట్లుండునో ఆ ప్రాంతపు పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. మఱియు గనిపనులు తగ్గుటకు సూర్యుని నిందించుట అన్యాయము. సింగరేణిలో 1990వ దశకపు తొలినాళ్లలో లక్షకు పైబడి కార్మికు లుండిరి. నేడు సుమారు 40 వేలమంది యున్నారు. ఈ తరుగుదల సౌరఫలకములు రాకముందే చాలవఱకు జరిగిపోయినది. భూగర్భ గనులకు బదులు ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. తట్టకు, పారకు బదులు పెద్ద యంత్రములు వచ్చినవి. బొగ్గు ఉత్పత్తి పెరిగినది, బొగ్గు త్రవ్వువారు తగ్గిరి. అప్పుడు ఆ కుటుంబముల పిల్లలకు ఏ పని నేర్పవలెనని ముందుగా ఆలోచించినవారు అరుదు. ఇప్పుడైనను ఆలోచించుటకు వ్యవధి యున్నది.

ఇట్టి మార్పును మనకంటె ముందు చూచిన ఒక కంపెనీని గురించి చెప్పెదను. దాని పేరు మీకు క్రొత్తది కాదు. విద్యుత్తు ప్రవహించు తీగె దగ్గర దిక్సూచి ముల్లు కదలునని 1820లో కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్‌ను గురించి మీ విజ్ఞానశాస్త్ర పాఠములలో చదువుదురు. ఆయన పేరు పెట్టుకొన్న విద్యుత్ సంస్థ ఆ దేశమున కలదు. పూర్వము అది చమురు, సహజవాయువు, బొగ్గులతో వ్యాపారము చేసెడిది. 2017లో పాత పేరు విడిచి శాస్త్రజ్ఞుని పేరు ధరించినది. 2024లో బొగ్గు కాల్చుట పూర్తిగా మానినది. సముద్రములో గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయుటలో అది ప్రపంచమున అగ్రస్థానమునకు వచ్చినది. ఇంగ్లండు తూర్పుతీరమునకు దూరముగా, నడిసముద్రమున, ఒక్కచోటనే 174 గాలిమరలను నిలిపినది. వాని సంరక్షణకు గ్రిమ్స్‌బీ అను రేవుపట్టణమును స్థావరము చేసికొన్నది. గ్రిమ్స్‌బీ ఒకప్పుడు చేపలవేటకు లోకప్రసిద్ధము. వేట క్షీణించి ఆ ఊరు దిగజారినది. గాలిమరల రాకతో ఆ రేవునుండి మరల పనివాండ్రు సముద్రము మీదికి పోవుచున్నారు. వల చేతబట్టుటకు మారుగా పనిముట్ల సంచి చేతబట్టి పోవుచున్నారు. అంతే భేదము.

ఇంతవఱకు కథ సుఖాంతమువలె నున్నది. కాని 2025 అక్టోబరులో ఆ కంపెనీయే, తన 8,000 మంది ఉద్యోగులలో సుమారు 2,000 మందిని 2027 చివరకు తగ్గించుకొందుమని ప్రకటించినది. అమెరికాలో నష్టములు కలిగినవి; వడ్డీలు, సామగ్రి ధరలు పెరిగినవి; పెద్ద నిర్మాణములు ముగింపునకు వచ్చుచుండుటచే అంతమంది అక్కరలేకపోవుట కూడ ఒక కారణము. చూచితిరా? గని, శకునాలలో కూలిజనము తరలిపోయినట్లే, సముద్రము నడుమను జరుగుచున్నది. నిర్మించుటకు చేర్చుకొన్నవారిని నిర్మాణము ముగియగనే పంపివేయుట ఈ పరిశ్రమ స్వభావములోనే యున్నది. గాలిమరల కంపెనీ గొప్పదా, బొగ్గు కంపెనీ గొప్పదా అన్నది ఇచట ప్రశ్న కాదు. మనిషి చేతికి అబ్బిన పని, కంపెనీ వెడలగొట్టినను చేతిలోనే యుండునా లేదా అన్నదే ప్రశ్న. ఫలకములు కడుగుట మాత్రమే నేర్చినవానికి కంపెనీ పోయినచో ఏమియు మిగులదు. ఇన్వర్టరును విప్పి దోషము కనిపెట్టగలవాడు ఇంటికప్పుపై సౌరఫలకము బిగించియైనను, రైతు సౌరపంపు బాగుచేసియైనను బ్రదుకును.

అందుచేతనే శిక్షణను గురించి ఇంతగా చెప్పుచున్నాను. కేంద్ర ప్రభుత్వము 2015లో "సూర్యమిత్ర" అను శిక్షణ ప్రారంభించినది. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ వంటి పనులు నేర్చినవారికి 600 గంటలపాటు సౌరవిద్యుత్ పని ఉచితముగా నేర్పుట దాని యుద్దేశము. 600 గంటలనగా సుమారు మూడు నెలలు. ఇది చక్కని ప్రయత్నము. నా యభ్యంతర మొక్కటియే. శిక్షణ ఒకచోట, పని మఱియొకచోట నున్నచో ఫల మేమి? శిక్షణ కేంద్రము పెద్దపట్టణమున నుండును. ఫలకములు పల్లెలో నుండును. భూమి నిచ్చిన రైతు కుమార్తె ఆ పట్టణమునకు పోయి మూడు నెలలు ఉండగలదా? ఆమె తండ్రి పంపునా? ఫలకముల క్రింద గడ్డి కోయుటకు ఆ పల్లె ఆడువారిని పిలుతురు. వారికే కొలమానము చేతికిచ్చి, తీగెలు పరీక్షించుట ఏల నేర్పరాదు?

వారికి చదువు చాలదందురేమో. రాజస్థానములో, అజ్మీరు జిల్లాలో, తిలోనియా అను చిన్న గ్రామము కలదు. అచట బంకర్ రాయ్ 1972లో స్థాపించిన సంస్థను బేర్‌ఫుట్ కాలేజి అందురు. అక్షరము రాని పల్లెటూరి స్త్రీలకు, వారిలో అమ్మమ్మలకు నాయనమ్మలకు సైతము, ఆరు నెలలలో సౌరదీపములు కూర్చుట, బాగుచేయుట నేర్పినారు. ఆఫ్రికా ఖండపు దేశములనుండి వచ్చిన స్త్రీలు కూడ అచట నేర్చిరి. ఒకరి భాష మఱియొకరికి తెలియదు. అందరికిని ఉమ్మడిగా తెలిసిన అక్షరము ఒక్కటియు లేదు. రంగుల గుర్తులతో, చేతి సైగలతో పాఠము సాగినది. వారు తిరిగిపోయి తమ పల్లెలలో దీపములు వెలిగించిరి. జీవితమంతయు నల్లబల్ల ముందు గడపిన నావంటివానికి ఈ సంగతి కొంత గర్వభంగము కలిగించునదే. నేర్పవలెనను సంకల్ప మున్నచో అక్షరము కూడ అడ్డు కాదన్నమాట! ఇక పది తరగతులు చదివిన మన బాలికకు ఏమి తక్కువ?

తప్పంతయు కంపెనీలదే యనను. మన ఇండ్లలో ఒక దురభిప్రాయము పాతుకొనిపోయినది. మార్కులు బాగుగా వచ్చినచో ఇంజనీరింగు, రానిచో ఐ.టి.ఐ. అందురు. "చదువు రాకున్న పానా పట్టుకో" అని తండ్రి కొడుకును కసరుట నేను వరండాలో నిలిచి ఎన్నియో మారులు వింటిని. పానా పట్టుటకు చదువు అక్కరలేదని ఎవరు చెప్పిరి? బిగింపు వదులైన ఒక్క జోడింపు వేడెక్కి నిప్పురవ్వలు రాల్చును. దానిని మంట పుట్టకముందే కనిపెట్టువానికి కన్ను, బుద్ధి, ఓర్పు మూడును కావలెను. 100 మెగావాట్ల కేంద్రమనగా నిండు ఎండలో పుట్టు శక్తి యనియు, రాత్రియు మబ్బును కలుపుకొని సగటు తీసినచో అది ఐదవ వంతునకు కొంచెము అటునిటుగా నుండుననియు గ్రహించుటకు లెక్కలు రావలెను. ఈ పనికి మీ పాఠ్యపుస్తకములలోని గణితము, విజ్ఞానము నేరుగా పనికివచ్చును. అట్టి పనిని తక్కువగా చూచు తల్లిదండ్రులకు నచ్చజెప్పు భారము ఉపాధ్యాయులపైనను కలదు.

కంపెనీల వాదము కూడ వినుట న్యాయము. "మాకు గడువు తక్కువ. గుత్తేదారు తన పనివాండ్రను తానే తెచ్చుకొనును. అనుభవము గలవారు బయటినుండి దొరకుచుండగా, స్థానికులకు నేర్పుచు కూర్చుండుటకు తీరిక యెక్కడిది?" అందురు. గడువు మాట నిజమే. కాని భూమి సేకరించుటకును, అనుమతులు పొందుటకును, విద్యుత్ తీగెలు లాగుటకును నెలలకు నెలలు పట్టును. శిక్షణకు కావలసినది మూడు నెలలు. భూమి కొలుచు దినముననే ఆ పల్లె బడిలో సాయంతరగతి ప్రారంభించినచో, మొదటి ఫలకము బిగించునాటికి పనివాండ్రు సిద్ధముగా నుందురు. గుత్తేదారుపై నెపము పెట్టుట కూడ చెల్లదు. విద్యుత్తును యూనిటుకు ఇంత ధరకు ఇచ్చెదమని కంపెనీలు ఒప్పందము వ్రాసికొనును. సాధారణముగా అట్టి ఒప్పందము 25 ఏండ్లకు వ్రాయుదురు. పైసలతో సహా ధరను వ్రాయుటకు చోటున్న ఆ కాగితముపై, ఈ కేంద్రమున నిలుచు ఉద్యోగము లెన్ని, అందు ఈ ఊరివారికెన్ని, వారికి శిక్షణ ఎవరు ఇత్తురు అని నాలుగు పంక్తులు వ్రాయుటకు చోటు లేకపోదు. 25 ఏండ్లనగా ఎంతకాలమో మీరే లెక్కింపుడు. నేడు పదమూడేండ్ల మీరు అప్పటికి ముప్పది యెనిమిదేండ్ల వారగుదురు. మీ యౌవనమంతయు ఆ ఒప్పందము క్రింద గడచును. కావున అందేమి వ్రాయబడినదో అడుగు హక్కు మీకు కలదు.

రామగుండములోనే ఒక పాత విద్యుత్కేంద్ర ముండెడిది. 62.5 మెగావాట్ల ఆ కేంద్రము 1971లో మొదలై, అరువదేండ్లు నిండకముందే 2024లో మూతబడినది. ఎన్.టి.పి.సి. ఆవరణలో 1,600 మెగావాట్ల క్రొత్త బొగ్గు కేంద్రము కూడ ఇటీవలనే పని ప్రారంభించినది. అనగా పాతది పోవుచున్నది. పాతరకపు క్రొత్తది వచ్చుచున్నది. నీటిపై ఫలకములును తేలుచున్నవి. మూడును ఒక్క ఊరిలోనే. ఈ మార్పు ఒక్కనాటిలో ముగియునది కాదు. నేటి ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, స్విచ్‌యార్డు పనివాడు కొంత క్రొత్తది నేర్చినచో చాలును; ట్రాన్స్‌ఫార్మరు బొగ్గు విద్యుత్తునకును, ఎండ విద్యుత్తునకును ఒక్కటియే. గనిలో బొగ్గు నరకువానికి అట్లు కాదు. అతనికి మొదటినుండి నేర్పవలెను. వయసు మీరినవానికి నేర్పుట కష్టమైనచో అతని బిడ్డకు నేర్పవలెను.

చివరకు, తెలుగు చెప్పి బ్రదికినవాడను గనుక, భాషను గురించి ఒక మాట చెప్పక తప్పదు. సౌరఫలకమునకు ఒక ప్రమాదకరమైన గుణము కలదు. ఇంటిలో దీపము తీగె బాగుచేయవలెనన్న మెయిన్ స్విచ్ ఆపుదుము, విద్యుత్తు నిలిచిపోవును. ఫలకము నట్లు ఆపుటకు వీలులేదు. ఇన్వర్టరు ఆపినను, ఎండ కాయుచున్నంతసేపు ఫలకముల వరుసలో విద్యుత్తు నిలిచియే యుండును. పెద్ద కేంద్రములలో అది వేయి వోల్టులకు పైబడి కూడ నుండును. దీపము వెలుగుట లేదు గదా యని చేయి పెట్టినవాడు బ్రదుకడు. ఈ హెచ్చరికను, పని నేర్పు పుస్తకములను ఇంగ్లీషులో మాత్రమే అచ్చువేసి చేతులు దులుపుకొనుట తగదు. ఫలకములు కడుగు స్త్రీకి తెలుగు చదువ వచ్చును, ఇంగ్లీషు రాదు. అనువాదమన్నచో మావంటి పండితులు సంస్కృత సమాసములు కుప్పపోయుదురని భయపడనక్కరలేదు. ఇన్వర్టరును ఇన్వర్టరనియే వ్రాయుడు, కేబులును కేబులనియే వ్రాయుడు; పనివాండ్రు ప్లేట్లు అన్నచో ప్లేట్లు అనియే వ్రాయుడు. "ఎండ ఉన్నంతసేపు ఇందులో కరెంటు ఉంటుంది, ముట్టుకోవద్దు" అని పెద్ద అక్షరములతో ప్రతి వరుస చివరను ఒక పలక నిలుపుటకు అగు వ్యయము ఒక్క ఫలకము వెల కూడ కాదు.